పదకొండు గదులకు ఎన్ని యంత్రాలు

మా ఇంట్లో ఎన్ని గదులని ఎవరైనా అడిగితే పదకొండు అని చెప్పేదాన్ని. అడగనివాళ్ళకు కూడా మాటల్లో పెట్టి చెప్పేదాన్ని. పెళ్ళిచూపుల రోజున తన పేరు అడగకముందే గదుల లెక్క అప్పజెప్పానని మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. అది నిజమే. పేరు ఎవరికైనా ఉంటుంది.

మా ఊరు పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో, పొలాలు ఆగి టేకు చెట్లు మొదలయ్యేచోట ఉంది. ఊళ్ళో మా ఇంటిని పెద్దిల్లు అంటారు. మా ముత్తాత కాలంలో ఇరవై రెండు గదులుండేవట. నేను పుట్టేసరికి పదమూడు, నాన్న పోయేసరికి పదకొండు మిగిలాయి. భూములు ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు, ఇక్కడా చెప్పను. గదులు ఎలా పోయాయో మాత్రం నాన్న నాకు చిన్నప్పుడే చెప్పారు. ముందు ఒక గదిని ఊడవడం మానేస్తారు. తర్వాత దాని తలుపు దగ్గరగా వేస్తారు. ఆ తర్వాత తాళం పడుతుంది. తాళం పడ్డ రెండు మూడు వానాకాలాలకు కప్పు కిందికి దిగుతుంది. అందుకని మనుషులున్నా లేకపోయినా ప్రతి గదినీ ప్రతి రోజూ ఊడవాలి, ఊడవడం మానిన రోజే ఆ గది మనది కాకుండా పోతుంది అన్నది ఆయన నమ్మకం. ఆయన పోయాక అది నా నమ్మకం అయింది.

నేను ఒక్కతే సంతానం. మా ఆయన ఇల్లరికం వచ్చారు. పాల్వంచ థర్మల్ ప్లాంటులో మీటర్లు, గేజీలు చూసుకునే విభాగంలో టెక్నీషియన్. కంపెనీ కాలనీలో క్వార్టర్ వచ్చే వీలుండి కూడా ముప్పావు గంట బస్సులో షిఫ్టుకు వెళ్ళి వచ్చేవారు. క్వార్టర్లో రెండే గదులు కదా అని నేను ఒకసారి అన్నాను. ఒక్కసారే అన్నాను.

మా అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకునేది కాబట్టి పదకొండు గదుల్లో మేము ఉన్నది ఇద్దరమే. వాడుకునేవి నాలుగు: హాలు, వంటగది, దేవుడి గది, పడకగది. మిగిలిన ఏడింటిలో మంచం కూడా లేదు. వాటిని బయటివాళ్ళ కంట పడనివ్వడం ఇష్టం లేక పనిమనిషిని పెట్టుకోలేదు. తెల్లవారగానే చీపురు, చేట పట్టుకుని ఉత్తరం కొస నుంచి మొదలుపెట్టేదాన్ని. ఒక గది ఊడ్చి చేటలోకి ఎత్తడం, గడప దాటడం, ఇంకో గది ఊడ్చి అదే చేటలోకి ఎత్తడం. పదకొండు గదుల దుమ్మూ కలిసి ఒకే చేటలో పెరటి గుంతకు చేరేది. మా గడపలు జానెడెత్తు ఉంటాయి. అడవి పక్క ఊరు కాబట్టి తేళ్ళు, పాములు ఒక గదిలో దూరినా ఇంకో గదిలోకి రాకుండా అలా పెట్టించారు.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. నీళ్ళు నిండిన ఇత్తడి గంగాళాన్ని పక్కకు జరపబోయి నేను అలాగే నిలబడిపోయాను. వంగలేను, లేవలేను. ఖమ్మంలో డాక్టరు ఎక్స్‌రే చూసి మూడు నెలలు నడుం వంచొద్దన్నాడు. మంచం మీద నుంచి లేవాలన్నా పక్కకు తిరిగి లేవాలి. చీపురు మాట ఎత్తితే చేతులు జోడించి దండం పెట్టాడు.

ఆ సంగతి మాకన్నా ముందే ఊరికి చేరింది. హోటల్ దగ్గర ఎవరో, "దొరసాని నడుం ఎన్నడు వంగిందని ఇప్పుడు వంచొద్దంటున్నడు డాక్టరు?" అన్నాడట. మా ఆయన ఆ మాట మోసుకొచ్చి నాకు చెప్పి, నా ముఖం చూసి, కాస్త దూరంగా జరిగి నవ్వారు. నాకు కోపం రాలేదు. మా ఇంట్లో నేను చీపురు పట్టనని ఊరు ఇంకా అనుకుంటోందని లోపల కొంచెం సంతోషమే కలిగింది.

మూడో రోజుకు తిరుమలాయపాలెం దగ్గరి పల్లె నుంచి మా అత్తగారు దిగారు. ఆవిడకు అప్పటికి అరవై దాటాయి, కానీ మిరప చేలో కూలీలకన్నా ముందు వరుసలో నడిచే మనిషి. వచ్చిన పూటే కొంగు బిగించి నాలుగు గదులు ఊడ్చి, చీపురు మూలన నిలబెట్టి కాళ్ళు కడుక్కున్నారు.

"అత్తమ్మా, ఇంకా ఏడున్నయి" అన్నాను మంచం మీద నుంచి.

"అండ్ల ఎవలుంటరు?"

"ఎవరూ ఉండరు."

"ఎవలూ ఉండకపోతే మట్టి ఎవడు చేసిండు? నేను మనుషులు తిరిగిన కాడ ఊడుస్త. గబ్బిలాలకు ఊడవ."

"మా నాన్న చెప్పింది..."

"మీ నాయన చెప్పిండు, ఊడ్చిండా? మొగోళ్ళు చెప్తరు బిడ్డా. నడుములు మనయి."

నాన్న నిజంగానే ఎన్నడూ చీపురు పట్టలేదు. కానీ ఆ ఏడు గదులు ఒక రోజు, రెండు రోజులు, ఐదు రోజులు ఊడవకుండా ఉన్నాయి. పడుకుని పైకప్పు చూస్తూ ఒక్కో గది తలుపు దగ్గరగా పడుతున్నట్టు ఊహించుకునేదాన్ని. మూడు నెలలంటే వానాకాలం వచ్చేస్తుంది. ఇరవై రెండు పదకొండు కావడానికి నాలుగు తరాలు పట్టింది. పదకొండు నాలుగు కావడం నా నడుం వల్ల జరగబోతోంది. అన్నం సహించేది కాదు. మా ఆయనకు అది అర్థమైంది. ఆరో రోజు పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో ఒక అట్టపెట్టె పెట్టుకుని వచ్చారు.

ప్లాంటులో కొత్త యూనిట్ పనికి విదేశీ ఇంజనీర్లు నలుగురు వచ్చి కాలనీలో ఉండేవారు. వాళ్ళకు మా ఆయన మా ఇంటి మామిడికాయ పచ్చడి అలవాటు చేశారు. పని అయిపోయి వాళ్ళు నెలాఖరుకు వెళ్ళిపోతున్నారు, సామాన్లు తెలిసినవాళ్ళకు ఇచ్చేస్తున్నారు. నలుగురి క్వార్టర్లలోనూ తలా ఒక ఊడ్చే యంత్రం ఉంది. వాటిలో ఒకటి ముందుగా, చూసి చెప్పమని ఈయన చేతికి ఇచ్చారు.

అట్టపెట్టెలోంచి బయటికి తీస్తే గుండ్రంగా, నల్లగా, నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది. అత్తమ్మ దూరం నుంచే చూసి, "ఏందిరా గిది, మూకుడా?" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు మూకుడు.

మీట నొక్కగానే అది చిన్న పాట పాడి కదిలింది. పడకగదిలో గోడకు తగిలి తిరిగింది, మంచం కింద దూరింది, కాసేపు కనిపించలేదు, దూదిపింజ ఒకటి మీసంలా తగిలించుకుని బయటికి వచ్చింది. అత్తమ్మ కాళ్ళు పైకెత్తి నా మంచం మీద కూర్చున్నారు.

"దీనికి కండ్లున్నయారా?"

"లేవమ్మా. తగిలితే తిరుగుతది."

"మీ తాత గూడ గట్లనే నడిచెటోడు, కల్లు తాగినంక."

పడకగదిని ఇరవై నిమిషాల్లో అద్దంలా చేసింది. ఆ తర్వాత గడప దగ్గరికి వచ్చి, ఢీకొని, వెనక్కి తిరిగింది. ఇంకోచోట ఢీకొని, మళ్ళీ తిరిగింది. క్వార్టర్లలో గడపలుండవు. జానెడెత్తు గడప అనే వస్తువు లోకంలో ఉంటుందని ఆ యంత్రం చేసినవాళ్ళకు తెలిసినట్టు లేదు. మా ఆయన ఎత్తి హాల్లో పెట్టారు. అక్కడ ఇంకో తమాషా జరిగింది. మా హాలు నేల నల్లరాయి. మా తాత ఎడ్లబండ్ల మీద తెప్పించి నున్నగా అరగదీయించిన బండలు. వాటి అంచున తెల్లరాయి పట్టీ ఉంటుంది. మూకుడు ఆ తెల్లరాయి మీదే అటూ ఇటూ నడిచింది తప్ప నల్లరాయి మీద కాలు పెట్టలేదు. అంచుదాకా పోవడం, ఆగడం, వెనక్కి రావడం.

"కిందికి లైటు కొట్టి చూస్తదిది. నలుపు మీద లైటు తిరిగి రాదు. గుంట అనుకుంటున్నది" అన్నారు మా ఆయన.

"హాల్లోకి రావడానికి ఆలోచిస్తున్నదంటే మర్యాద తెలిసినదే" అన్నాను. ఆరు రోజుల తర్వాత నేను అన్న మొదటి మంచి మాట అది.

అంటే హాలు అత్తమ్మ చీపురుకే. మిగిలిన పదింటి సంగతి తేల్చాలి. నేను ఎత్తు కుర్చీలో నిటారుగా కూర్చుని, పాత క్యాలెండరు వెనక గదుల పటం గీసి, నిమిషాలు రాయడం మొదలుపెట్టాను. ఒకసారి చార్జింగు పెడితే గంటకు పైగా నడుస్తుంది, పెద్ద గదులైతే మూడు అయ్యేసరికి డస్సిపోతుంది. మళ్ళీ నిండడానికి ఆరేడు గంటలు. మధ్యలో కరెంటు పోతే ఇంకా ఎక్కువ. కరెంటు పుట్టేది పాల్వంచలో, పోయేది మాత్రం మా ఊళ్ళో. కాబట్టి ఒక యంత్రానికి రోజుకు మూడు గదులు. పది గదులకు నాలుగు యంత్రాలు. సరిగ్గా నలుగురు ఇంజనీర్లు. నాకు అది దైవం లెక్క కట్టి పంపినట్టే అనిపించింది.

"నాలుగూ అడగండి" అన్నాను.

మా ఆయన తల గోక్కున్నారు. "కాలనీల చానమంది అడుగుతున్నరు. శనివారం దాక ఆగమన్నడు. ఎన్ని గావాల్నో ఆలోచించి చెప్పు. ఒకటితోటి ఎల్లదా అని నా డౌటు."

"ఒకటితో ఎట్ల ఎల్తది? ఒక్కో గదికి మూడు రోజులకు ఒకసారి వస్తది వంతు."

"ఖాళీ గది మూడు రోజులకు ఒకసారి ఊడిస్తే ఏమయితది?"

ఏమవుతుందో చెప్పాను. ఇరవై రెండు నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఆయన పూర్తిగా విని, "సరే దొరసాని, శనివారం" అని స్నానానికి వెళ్ళారు. నా మీద ప్రేమ ఎక్కువైనప్పుడూ, వాదన తేలనప్పుడూ ఆయన దొరసాని అంటారు.

"నాలుగు మూకుళ్ళు తెచ్చుకుంటరు, మరి అవి ఎత్తి దించేటోళ్ళు ఎవలు?" అన్నారు అత్తమ్మ. "గడప గడపకు వంగి ఎత్తాలె. నువ్వు వంగొద్దు. వాడు డ్యూటీకి పాయె. నేను గబ్బిలాలకు వంగ."

అదీ నిజమే. ఆ పూటంతా ఆలోచించాను. సాయంత్రం పెరట్లో గోడకు ఆనించిన దోటి కనిపించింది. మామిడికాయలు కోసే పొడవాటి వెదురు గడ, కొసన ఇనుప కొక్కెం. అత్తమ్మకు చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా నవారు ముక్క తెచ్చి మూకుడుకు అడ్డంగా, నిలువుగా కట్టి పైన చేపల బుట్టకు ఉన్నట్టు పిడి పెట్టారు. నేను నిలబడి, నడుం వంచకుండా, దోటి కొక్కెంతో ఆ పిడి అందుకుని, మూకుడును గడప మీదుగా ఎత్తి అవతలి గదిలో దించాను. అది గాల్లో తిరుగుతూ చక్రాలు ఆడించింది.

"చేప పడ్డది" అన్నారు అత్తమ్మ.

ఆ తర్వాత రెండు రోజులు నాకు పండగే. పొద్దున్నే దోటి పట్టుకుని మూకుడు వెంట నడిచేదాన్ని. శుక్రవారం ఒక చిన్న గొడవ జరిగింది. దేవుడి గదిలో అత్తమ్మ బియ్యప్పిండితో వేసిన ముగ్గును మూకుడు పూర్తిగా తినేసింది. దాని కడుపులో చిన్న డబ్బా ఉంటుంది, దుమ్మంతా అందులో చేరుతుంది. మా ఆయన దాన్ని పేపరు మీద బోర్లిస్తే గుప్పెడు తెల్లటి పిండి పడింది. అత్తమ్మ దాన్ని తిట్టిన తిట్లు రాయడం నాకు తగదు. అయినా మర్నాడు దానికి పసుపు బొట్టు పెట్టింది కూడా ఆవిడే.

ఆ డబ్బా సంగతే అసలు సంగతి. అది చిన్నది, గదికి ఒకసారి ఖాళీ చేయాల్సి వచ్చేది. కాబట్టి ఏ గది దుమ్ము ఆ గది పేపరు మీదే పడేది. మనుషులున్న గదుల నుంచి వెంట్రుకలు, దారం పోగులు, బియ్యపు గింజలు, ఒకసారి నా చెవి కమ్మ శీల. ఖాళీ గదుల్లో సున్నం పెచ్చులు, గబ్బిలాల పెంటికలు. అన్నీ రాసుకున్నాను. శనివారం పొద్దున ఉత్తరం కొసన ఉన్న మూడు గదుల వంతు వచ్చింది. మా ఆయనకు ఆ రోజు సెలవు. ఎన్ని కావాలో మధ్యాహ్నంలోగా చెప్పాలి. నాలుగు అని నేను తేల్చేసుకున్నాను.

మొదటి గది అయింది. డబ్బా బోర్లించారు. పేపరు మీద పిండి పడింది. తెలుపు కాదు, లేత పసుపు. మెత్తగా, జల్లెడ పట్టినట్టు.

"అత్తమ్మా, ఈ గదిల కూడ ముగ్గేసిన్రా?"

"నేనా? ఆ గదిల నేను అడుగే పెట్టలే."

రెండో గదిలోనూ అదే. మూడో గదిలో ఇంకా ఎక్కువ, డబ్బా నిండుగా. అత్తమ్మ వచ్చి చిటికెడు తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపారు. వాసన చూశారు. తలెత్తి పైకి చూశారు.

"ముగ్గు కాదు బిడ్డా" అన్నారు. గొంతులో వెటకారం లేదు. "కట్టె పిండి. దూలాన్ని పురుగు తింటున్నది."

మా ఆయన నా చేతిలోంచి దోటి తీసుకుని, కొక్కెంతో నడిమి దూలాన్ని మెల్లగా పొడిచారు. టేకు దూలాన్ని కొక్కెంతో పొడిస్తే టంగుమని మోగాలి. ఇది మోగలేదు. కొక్కెం పెరుగన్నంలో వేలు దిగినట్టు దిగిపోయింది. ఆయన బయటికి లాగగానే గుప్పెడు పిండి అత్తమ్మ తల మీద పడింది. ఆవిడ జుట్టు దులుపుకుంటూనే దూలం కింద నిలబడి, దోటి గీరిన చోట చూసి, "ఇది టేకు కాదు. పైన రంగేసిన్రు" అన్నారు.

"అన్ని గదులకూ టేకేనని మా తాత..."

"మీ తాత చెప్పిండు" అన్నారు ఆవిడ. కొంగుతో ముఖం మీది పిండి తుడుచుకున్నారు.

ఆ మూడు గదులు మా తాత చివరి రోజుల్లో, పడిపోయినవాటి చోట మళ్ళీ కట్టించినవి. అప్పటికే ఇంటి పరిస్థితి దిగిపోయి ఉండాలి. దిగిపోయిందని ఎవరికీ తెలియకుండా మెత్తకర్రకు టేకు రంగు వేయించారు. నాకన్నా ముందే ఈ ఇంట్లో ఇలాంటి పని చేసినవాళ్ళున్నారని తెలిసి, నాకు ఆయన మీద కోపం కన్నా చనువు లాంటిది కలిగింది.

కానీ మనసులో తొలిచింది అది కాదు. ఆ పిండి నిన్న మొన్న రాలడం మొదలుపెట్టింది కాదు. ఏళ్ళుగా రాలుతూనే ఉండాలి. ప్రతి తెల్లవారీ నేను దాన్ని ఊడ్చి, మిగిలిన గదుల దుమ్ముతో కలిపి, ఒకే చేటలో పారబోస్తూ వచ్చాను. ఒక్క వారం ఊడవకుండా వదిలేసి ఉంటే దూలం కింద పసుపు గీత పడి నా కళ్ళబడేది. గదిని నిలబెడుతున్నానని నేను చేసిన పనే దాని జబ్బును నాకు కనిపించకుండా చేసింది. ఈ తొమ్మిది రోజులు ఊడవకపోవడం వల్లే డబ్బా నిండా దొరికింది. ఎవరి వల్ల ఊడవలేదో ఆవిడ నా ఎదుట నిలబడి జుట్టులోంచి పిండి దులుపుకుంటున్నారు.

"మిగిలినవి చూడండి" అన్నాను మా ఆయనతో.

ఆయన దోటి పట్టుకుని ఎనిమిది గదులూ తిరిగారు. ప్రతి దూలాన్నీ పొడిచారు. నేను హాల్లో కుర్చీలో కూర్చుని విన్నాను. టంగు. టంగు. టంగు. ఎనిమిదీ మోగాయి. అన్ని చప్పుళ్ళనూ నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అంత మంచి సంగీతం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"వానలు పడేలోపు ఆ మూడూ దింపాలె" అన్నారు ఆయన వచ్చి, నా ఎదుట నేల మీద కూర్చుని. "లేకపోతే అవి కూలుకుంట పక్క గోడలను గూడ గుంజుతయి. దింపితే ఆ పెంకులు ఈ ఎనిమిదింటికి ఏసుకోవచ్చు. నువ్వు ఊఁ అంటేనే."

ఆయన తొందరపెట్టలేదు. నేను క్యాలెండరు వెనక గీసిన పటం తీసుకుని ఉత్తరం వైపు మూడు గదుల మీద గీత కొట్టాను. గీత తిన్నగానే వచ్చింది.

"ఎనిమిది" అన్నాను. "హాలు తీసేస్తే ఏడు. ఖాళీ గదులకు రోజూ అవసరం లేదు. నాలుగు రోజులు వదిలేసి, నేల చూసి, అప్పుడు ఊడవాలె."

"అయితే ఎన్ని మూకుళ్ళు?" అన్నారు అత్తమ్మ.

ఒకటి అనే మాట పలకడం నాకు ఎంత కష్టమో ఆ ఇద్దరికీ తెలుసు. పెద్దింటికి ఒకటి చాలు అని ఆ ఇంట్లో ఏ విషయంలోనూ ఎవరూ అని ఉండరు.

"ఒకటి చాలు" అన్నాను.

మా ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. నాకు అనుమానం వచ్చింది.

"ఏమైంది?"

"ఏం లేదు. మిగిలిన మూడు బుధవారమే పోయినయి. కాలనీల తీసుకపోయిన్రు."

"మరి శనివారం దాక ఆలోచించమన్నరు!"

"ఆలోచిస్తవని."

"నేను నాలుగే కావాలంటే ఏం చేద్దురు?"

"గదే ఆలోచిస్తున్న మూడు రోజుల నుంచి. రాత్రి నిద్ర గూడ లేదు" అన్నారు, నిజంగానే బాధపడ్డ ముఖంతో. అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే నా నడుంలో పొడిచినట్టు ఉండేది, డాక్టరు దాని గురించి ఏమీ చెప్పలేదు, అయినా నేను కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాను.

మూడు గదులనూ మృగశిర కార్తెకు ముందే దింపించాం. దూలాలు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాలేదు. గడపలు మాత్రం అసలైన టేకు. కాళ్ళు తగిలేచోట, కళ్ళు పడేచోట తాత అసలుది పెట్టి, పైన చీకట్లో రంగు వేయించారన్నమాట. ఆ మూడు గడపలనూ కలిపి వడ్రంగితో ఒక బల్ల చేయించాను, మూకుడు తిరిగేటప్పుడు అత్తమ్మ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవడానికి. ఆవిడ మొదటి రోజు దాని మీద కూర్చోనన్నారు.

"గడప మీద కూసోవద్దంటరు బిడ్డా, అరిష్టం."

"ఇప్పుడది గడప కాదు అత్తమ్మా, బల్ల."

"నువ్వు గడపను బల్ల అంటున్నవా? నువ్వు?" అని నన్ను కాసేపు చూసి, నవ్వి, కూర్చున్నారు. దసరా దాకా ఊరికి పోలేదు.

మూకుడు ఇంకో రెండేళ్ళు నడిచింది. ఆ తర్వాత దాని బ్యాటరీ పోయింది, ఇక్కడ దొరకలేదు. దోటి మళ్ళీ మామిడి చెట్టు దగ్గరికి పోయింది. నా నడుం బాగైంది కాబట్టి చీపురు మళ్ళీ నా చేతికి వచ్చింది. ఇప్పుడు గదికో పాత పేపరు వాడతాను, చేట ఖాళీ చేయకుండా రెండు గదులు ఊడవను. ఖాళీ గదుల తలుపు తెరిచి, ముందు చేతులు వెనక్కి కట్టుకుని దూలం కింద నేల చూస్తాను. నేల శుభ్రంగా కనబడితే మరో రోజు వదిలేసి వస్తాను.

గదులెన్నని ఎవరైనా అడిగితే ఎనిమిది అంటాను. అన్నీ టేకేనని కూడా చెబుతాను. అది మాత్రం అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే పొడిచి చూశాం.